లావుగా ఉన్న పిల్లల పొట్టలో బ్యాక్టీరియా, తిండి, ఆటలు: బెంగళూరు తెలుగు అమ్మానాన్నలు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

నేను బెంగళూరులో పిల్లల డైటీషియన్‌గా పని చేస్తున్నా. నా దగ్గరికి మారతహళ్లి, వైట్‌ఫీల్డ్, కేఆర్ పురం వైపు నుంచి తెలుగు వాళ్ళే ఎక్కువ వస్తారు. ఇదివరకు "మేడం, వీడి బరువు ఎలా తగ్గించాలి" అని అడిగేవాళ్ళు, ఇప్పుడు "వీడికి గట్ బ్యాక్టీరియా బాలేదంట కదా, ఏం వాడాలి" అని అడుగుతున్నారు. రోజూ అవే డౌట్లు, అందుకే అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. మీకు కావాల్సిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళి చదువుకోండి.

## మొదట్లో వచ్చే డౌట్లు

గట్ బ్యాక్టీరియా అంటే ఏంటండీ, పొట్టలో పురుగులా?

కాదు. నులిపురుగులు వేరే, అవి కంటికి కనపడతాయి, వాటికే స్కూళ్ళలో ఫిబ్రవరి 10న, ఆగస్టు 10న ఆల్బెండజోల్ మాత్ర వేస్తారు. బ్యాక్టీరియా మైక్రోస్కోప్‌లో తప్ప కనపడదు. పెద్దవాళ్ళ ఒంట్లో సుమారు 38 లక్షల కోట్లు ఉంటాయని 2016లో లెక్క కట్టారు, అంటే మన సొంత కణాలు ఎన్ని ఉన్నాయో ఇంచుమించు అన్ని. ఎక్కువ భాగం పెద్దపేగులోనే ఉంటాయి. మనం అరిగించుకోలేని పీచుని అవి తిని మనకి పనికొచ్చే పదార్థాలు తయారు చేస్తాయి, కొన్ని విటమిన్లు చేస్తాయి, రోగనిరోధక శక్తికి పని నేర్పిస్తాయి. వాటిని చంపాలని చూడకూడదు, వాటికి మేత సరిగ్గా పడుతుందా లేదా అని చూసుకోవాలి.

మావాడు లావవడానికి ఈ బ్యాక్టీరియానే కారణమా?

ఈ మాట యూట్యూబ్‌లో చెప్పినంత తేలిక కాదు. 2006లో అమెరికాలోని సెయింట్ లూయిస్‌లో జెఫ్రీ గోర్డన్ ల్యాబ్ వాళ్ళు లావు ఎలుకల పేగుల్లోని బ్యాక్టీరియాని, బ్యాక్టీరియానే లేకుండా పెంచిన ఎలుకలకి ఎక్కిస్తే వాటికి కొవ్వు ఎక్కువ చేరిందని చూపించారు. 2013లో కవలల్లో ఒకరు లావు, ఒకరు సన్నం ఉన్న జంటల్ని వెతికి పట్టుకుని, వాళ్ళ బ్యాక్టీరియాని ఎలుకల్లో పెట్టినా అలాంటి ఫలితమే వచ్చింది. దాంతో అందరూ కారణం దొరికేసింది అనుకున్నారు. ఫర్మిక్యూట్స్ అనే రకం ఎక్కువుండి బ్యాక్టీరాయిడీట్స్ అనే రకం తక్కువుంటే లావైపోతారు అనే లెక్క కూడా అప్పుడే పాపులర్ అయింది. తర్వాత చాలా స్టడీలని కలిపి చూస్తే మనుషుల్లో ఆ లెక్క నిలబడలేదు, ఒక ఊళ్ళో ఒకలా ఇంకో ఊళ్ళో ఇంకోలా వచ్చింది.

మన పక్కనే వెల్లూరు క్రిస్టియన్ మెడికల్ కాలేజీ వాళ్ళు 2010లో దక్షిణ భారత పిల్లల మీద చిన్న స్టడీ చేశారు, అందులో ఫీకాలిబ్యాక్టీరియం ప్రాస్నిట్జియై అనే, మామూలుగా "మంచిది" అని పేరున్న బ్యాక్టీరియా లావు పిల్లల్లోనే ఎక్కువ కనపడింది. అందుకే ఇది మంచి బ్యాక్టీరియా, అది చెడ్డ బ్యాక్టీరియా అని లిస్టు రాసుకుని కూర్చుంటే లాభం లేదు. నా లెక్కలో తిండి, కదలిక, నిద్ర, ఇంట్లో వాళ్ళ ఒంటి తీరు ఇవే ముందు, బ్యాక్టీరియా మధ్యలో ఉండి వాటి ప్రభావాన్ని కాస్త పెంచడమో తగ్గించడమో చేస్తుంది.

మా అత్తయ్య బొద్దుగా ఉంది అంతే అంటారు, లావో కాదో నాకెలా తెలుస్తుంది?

ఎత్తుకి తగ్గ బరువుందా అని చూసే లెక్కని బీఎంఐ అంటారు, పెద్దవాళ్ళ బీఎంఐ నంబరు పిల్లలకి పెట్టి చూడకూడదు. 5 నుంచి 18 ఏళ్ళ పిల్లలకి ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ వాళ్ళ 2015 చార్టులు ఉన్నాయి, అబ్బాయిలకి ఒకటి, అమ్మాయిలకి ఒకటి. అందులో పెద్దయ్యాక బీఎంఐ 23కి సమానమైన గీత దాటితే ఓవర్‌వెయిట్, 27కి సమానమైన గీత దాటితే ఒబీసిటీ. మీ పిల్లల డాక్టర్ దగ్గర ఆ చార్టు ఉంటుంది, పుట్టిన తేదీ, ఎత్తు, బరువు ఇస్తే రెండు నిమిషాల్లో చుక్క పెట్టి చూపిస్తారు. ఇంట్లో అయితే టేపుతో నడుము కొలవండి, ఎత్తులో సగం కంటే నడుము ఎక్కువుంటే జాగ్రత్త పడాలి. అత్తయ్యగారితో గొడవ పడకుండా ఆ చార్టు మీద చుక్క చూపించండి చాలు, చాలామంది ఇళ్ళలో అదే పని చేసింది.

సిజేరియన్‌లో పుట్టాడు, డబ్బా పాలు తాగాడు, చిన్నప్పుడు యాంటీబయాటిక్స్ చాలా పడ్డాయి. అంతా నా తప్పేనా, ఇక బాగవదా?

ఈ ప్రశ్న అడిగే అమ్మలు చాలామంది నా ముందే ఏడ్చారు. మీ తప్పు కాదమ్మా. సిజేరియన్ బిడ్డ ప్రాణం కోసం చేశారు, యాంటీబయాటిక్ జబ్బు తగ్గడానికి వేశారు. వీటి వల్ల మొదటి నెలల్లో బ్యాక్టీరియా తీరు కొంచెం వేరుగా ఉంటుందనేది నిజమే, చిన్న వయసులో యాంటీబయాటిక్స్ ఎక్కువ వాడిన పిల్లల్లో తర్వాత బరువు కాస్త ఎక్కువున్నట్టు స్టడీల్లో కనపడింది కూడా, కానీ అది చిన్న తేడా. సుమారు మూడేళ్ళు వచ్చేసరికి పిల్లల పేగుల్లో బ్యాక్టీరియా పెద్దవాళ్ళ తీరుకి దగ్గరగా వచ్చేస్తుంది, ఆ తర్వాత రోజూ ఏం తింటున్నారు అనేదాని ప్రభావం ఎక్కువ. 2014లో పెద్దవాళ్ళ మీద చేసిన ఒక ప్రయోగంలో ఐదు రోజులు పూర్తిగా తిండి మార్చేసరికే బ్యాక్టీరియాలో మార్పు కనపడింది. మీ బాబుకి ఇప్పుడు ఎనిమిదో తొమ్మిదో ఏళ్ళయితే, ఇవాళ రాత్రి కంచంలో ఏముందనేది పుట్టిన రోజు జరిగినదానికంటే ముఖ్యం.

## తిండి మార్చేటప్పుడు

ఏం పెడితే మంచి బ్యాక్టీరియా పెరుగుతుంది? ఒక్క మాటలో చెప్పండి

పీచు. చిన్నపేగులో అరగకుండా పెద్దపేగు దాకా వెళ్ళేది అదే. అక్కడ బ్యాక్టీరియా దాన్ని పులియబెట్టి ఎసిటేట్, ప్రొపియోనేట్, బ్యూటిరేట్ అనే చిన్న ఆమ్లాలు చేస్తుంది. బ్యూటిరేట్ పెద్దపేగు గోడకి ఆహారం, ఆ గోడ గట్టిగా ఉంటే లోపలి చెత్త రక్తంలోకి జారి ఒంట్లో పైకి కనపడని వాపు (ఇన్‌ఫ్లమేషన్) పుట్టించడం తగ్గుతుంది. ఈ ఆమ్లాలే కడుపు నిండింది అనే సంకేతం ఇచ్చే హార్మోన్లని కూడా కదిలిస్తాయి. పీచు పడకపోతే కొన్ని రకాల బ్యాక్టీరియా పేగు గోడ మీదున్న జిగురు పొరనే తినడం మొదలెడతాయి.

ఎంత కావాలంటే, ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పిన లెక్క ఇది: 2 నుంచి 5 ఏళ్ళకి రోజుకి కనీసం 15 గ్రాములు, 6 నుంచి 9 ఏళ్ళకి 21, పదేళ్ళు దాటితే 25. మన వంటింట్లో చూస్తే 100 గ్రాముల పాలిష్ బియ్యంలో పీచు 3 గ్రాములు కూడా ఉండదు, రాగుల్లో సుమారు 11, కందిపప్పులో 9, పొట్టు పెసల్లో 17, శనగల్లో 25, జామకాయలో 8. ఈ నంబర్లు హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ పట్టికల్లోవి. చూశారు కదా, బయటి నుంచి తెప్పించుకోవాల్సింది ఏమీ లేదు.

2010లో ఆఫ్రికాలోని బుర్కినా ఫాసో పల్లె పిల్లల్ని, ఇటలీలోని ఫ్లోరెన్స్ పిల్లల్ని పోల్చి చూశారు. జొన్నలు, సజ్జల్లాంటి చిరుధాన్యాలు, పప్పులు, కూరగాయలు తినే పల్లె పిల్లల్లో పీచుని విరగ్గొట్టే బ్యాక్టీరియా, ఆ చిన్న ఆమ్లాలు బాగా ఎక్కువున్నాయి. మన తాతల కంచం కూడా ఆ పిల్లల కంచానికి దగ్గరగానే ఉండేది.

ఒకటే రకం పీచు రోజూ పెట్టకండి, రకరకాల బ్యాక్టీరియాకి రకరకాల మేత కావాలి. బెంగళూరులో ఉన్నాం కాబట్టి ఇది తేలికే, రాగి ముద్ద ఉంది, సొప్పు పేరుతో పది రకాల ఆకుకూరలు ఉన్నాయి. డిసెంబర్, జనవరిలో అవరెకాయలు వస్తాయి, మన అనపకాయలే (సొరకాయ కాదు, చిక్కుడు జాతి కాయలు). మా పక్క ఫ్లాట్‌లో మదనపల్లె నుంచి వచ్చిన పెద్దమ్మ ఒకావిడ రాత్రి గింజలు నానబెట్టి పొద్దున్నే మనవడిని పక్కన కూర్చోబెట్టుకుని పితికిస్తారు, వేళ్ళ మధ్య నొక్కితే పచ్చటి పప్పు టప్పుమని గిన్నెలో పడుతుంది. కూరగాయ ముట్టని ఆ పిల్లాడు తను పితికిన పప్పు కాబట్టి రెండు గరిటెలు తింటాడు. పితికిపప్పులో తొక్క పోతుంది, తొక్కలోనే పీచు ఎక్కువ, అందుకని వారంలో ఒకటి రెండుసార్లు తొక్కతోనే కూర చేయమని ఆవిడకి చెప్పా, చేస్తున్నారు.

రోజూ పెరుగన్నం తింటాడు, అది చాలదా?

పెరుగు మంచిదే, మానొద్దు. అందులో బతికున్న బ్యాక్టీరియా ఉంటుంది, కానీ అది పేగుల్లో కాపురం పెట్టదు, కొన్ని రోజులు ఉండి వెళ్ళిపోతుంది. పెరుగులో పీచు సున్నా. గిన్నెడు తెల్లన్నంలో పెరుగు కలిపి పక్కన బంగాళదుంప వేపుడో, చిప్సో పెడితే లోపలున్న బ్యాక్టీరియాకి మేత పడలేదు. అదే పెరుగన్నంలో తురిమిన క్యారెట్, దానిమ్మ గింజలు, పక్కన ఆకుకూర పప్పు ఉంటే లెక్క మారుతుంది. ఇంకోటి, షాపుల్లో దొరికే ఫ్లేవర్ యోగర్ట్ కప్పుల్లో చక్కెర ఎంతుందో లేబుల్ తిప్పి చూడండి.

ఇడ్లీ దోసె పులిసిన పిండే కదా, ప్రోబయాటిక్ లెక్కే కదా?

ప్రోబయాటిక్ అంటే మేలు చేసే బతికున్న బ్యాక్టీరియా. పిండి పులిసేటప్పుడు లాక్టిక్ బ్యాక్టీరియా బాగానే పెరుగుతుంది, ఆవిరి మీద ఉడికేసరికి చచ్చిపోతుంది. పులియడం వల్ల అరుగుదల, కొన్ని విటమిన్లు మెరుగవుతాయి, అది లాభమే. బ్యాక్టీరియా కోసం అయితే ఇడ్లీ కంటే పక్కనున్న సాంబార్‌లో ముక్కలు ముఖ్యం. దర్శినిలో, అంటే ఇక్కడి చిన్న టిఫిన్ హోటల్లో తినేటప్పుడు సాంబార్‌లో ముక్కలు వదిలేసి నీళ్ళు తాగే పిల్లల్ని రోజూ చూస్తుంటా.

అన్నం మానిపించేయాలా? చద్దన్నం మంచిదంటున్నారు

పిల్లలకి అన్నం మానిపించొద్దు, ఎదిగే వయసు. కంచంలో కొలత మార్చండి, అన్నం ఎంతో కూర, పప్పు కలిపి అంతకంటే ఎక్కువ ఉండాలి. మన ఇళ్ళలో సమస్య అన్నం కాదు, అన్నం నాలుగు గరిటెలు, కూర నంజుకోవడానికి ఒక చెంచా.

అన్నం చల్లారితే పిండిపదార్థం కొంత గట్టిపడి అరగని రకంగా మారుతుంది, దాన్ని రెసిస్టెంట్ స్టార్చ్ అంటారు, అది పీచులాగే పెద్దపేగు దాకా వెళ్తుంది. చద్దన్నం మంచిదనడానికి అదొక కారణం. కానీ దాని పరిమాణం కొంచెమే, చద్దన్నం తింటే లావు తగ్గుతారని ఆశ పెట్టుకోకండి. వండిన అన్నం గంటల తరబడి బయట పెడితే బ్యాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా పెరిగి వాంతులు పట్టుకుంటాయి, అందుకని కాస్త ఆరగానే ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు పెరుగు కలిపి పెట్టండి.

టిఫిన్ బాక్సులో క్యారెట్ ముక్కలు పెడితే అలాగే తెస్తున్నాడు, ఏం చేయాలి?

పోయిన నెల ఒక తొమ్మిదేళ్ళ బాబుని తీసుకొచ్చారు, బాక్సు బ్యాగులోనే ఉంటే తెరిచి చూశాం. పై అరలో బిస్కెట్ పొడి తప్ప ఏమీ లేదు. కింది అరలో నిమ్మకాయ పులిహోర సగం, పక్కన అంచులు తెల్లబడి ఎండిపోయిన క్యారెట్ ముక్కలు ఆరు. వాళ్ళమ్మ తిట్టబోతే ఆపి, ఎందుకు తినలేదు నాన్నా అని అడిగా. "బెల్ కొట్టేస్తారు ఆంటీ, పది నిమిషాలే, ఇవి నమలడానికి టైం పడుతుంది" అన్నాడు. పిల్లాడు మొండికేయలేదు, టైం లెక్క వేసుకుని త్వరగా అయ్యేది తిన్నాడు.

అప్పట్నుంచి నేను అందరికీ చెప్పేది, స్కూలు బాక్సులో గట్టిగా నమలాల్సినవి వద్దు. నానబెట్టిన పెసరపప్పులో క్యారెట్, కీర తురుము వేసి నిమ్మకాయ పిండిన కోసంబరి, అంటే మన శ్రీరామనవమి వడపప్పు, చెంచాతో మూడు నిమిషాల్లో అయిపోతుంది. ఉడికించిన శనగల తాలింపు, కూరగాయలు తురిమి వేసిన రాగి దోసె చుట్ట, వేరుశనగలు, అరటిపండు కూడా అంతే. క్యారెట్, జామకాయ ఇంటికొచ్చాక తీరిగ్గా తిననివ్వండి. ఆ బాబు బాక్సు రెండు వారాల తర్వాత ఖాళీగా వచ్చిందని వాళ్ళమ్మ ఫోటో పంపారు, ఆ రోజంతా నాకు సంతోషంగా ఉంది.

స్కూలు గేటు బయట దొరికేవాటి గురించి కూడా అడుగుతారు. కొవ్వు, చక్కెర, ఉప్పు ఎక్కువున్న ప్యాకెట్లు స్కూల్లోనూ, గేటు నుంచి 50 మీటర్ల లోపలా అమ్మకూడదని కేంద్ర ఆహార భద్రత సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ 2020 నిబంధనల్లో ఉంది. పేరెంట్స్ మీటింగ్‌లో ఆ మాట గట్టిగా అడగండి, అది మన హక్కు.

జూస్ పండే కదా? హెల్త్ డ్రింక్ పొడి? షుగర్ లేని కోలా అయితే పర్లేదా?

జూస్‌లో పండు పీచు పోయి చక్కెర మిగులుతుంది, పండే ఇవ్వండి. పాలల్లో కలిపే పొడులు చాలావాటిలో చక్కెర బాగా ఉంటుంది, లేబుల్ మీద 100 గ్రాములకి ఎంతో చదివి మీరే నిర్ణయించుకోండి. బయటి నుంచి చేర్చే చక్కెర రోజు మొత్తం శక్తిలో పదో వంతు దాటకూడదని, ఇరవయ్యో వంతు లోపుంటే ఇంకా మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట, 1500 క్యాలరీలు తినే పిల్లాడికి అది 37 గ్రాములు, 19 గ్రాములు అవుతుంది. షుగర్ లేని తీపి పదార్థాలు బరువు తగ్గడానికి వాడొద్దని అదే సంస్థ 2023లో చెప్పింది. మజ్జిగ, నీళ్ళు, పల్చటి రాగి అంబలి చాలు.

పీచు పెంచగానే గ్యాస్, కడుపుబ్బరం అంటున్నాడు, పడట్లేదా?

ఒక్కసారిగా పెంచి ఉంటారు. బ్యాక్టీరియాకి కొత్త మేత అలవాటవడానికి రెండు మూడు వారాలు పడుతుంది, పులిసేటప్పుడు గ్యాస్ రావడం మామూలే. మొదటి వారం రోజుకి ఒక్క మార్పే చేయండి, తర్వాత ఇంకోటి. శనగలు, పెసలు రాత్రంతా నానబెట్టి ఆ నీళ్ళు పారబోసి ఉడికించండి. నీళ్ళు బాగా తాగించండి, నీళ్ళు లేకుండా పీచు పెంచితే మలబద్ధకం ఇంకా ఎక్కువవుతుంది. వారాలు గడిచినా నొప్పి, విరేచనాలు ఆగకపోతే డాక్టర్‌కి చూపించాలి.

చికెన్, గుడ్డు మానాలా?

అక్కర్లేదు. ఎదగడానికి ప్రోటీన్ కావాలి. వేయించిన చికెన్, ప్యాకెట్ నగ్గెట్స్ బదులు ఇంట్లో కూర చేయండి, ఆదివారం బిర్యానీ రోజు కూడా కంచంలో ఒక కూరగాయ ఉండేలా చూడండి.

## ఆటలు మొదలెట్టాక

తిండికైతే సంబంధం ఉంది, పరుగెత్తితే బ్యాక్టీరియా ఎలా మారుతుంది?

నాకు బాగా ఇష్టమైన ప్రశ్న ఇది. కదిలినప్పుడు పేగుల కదలిక మారుతుంది, ఆహారం లోపల నిలవుండే సమయం తగ్గుతుంది, ఒంట్లో సన్నటి వాపు తగ్గుతుంది, పైత్యరసంలోని ఆమ్లాల తీరు మారుతుంది. వీటన్నిటితో పేగు లోపలి వాతావరణమే మారిపోతుంది, దానికి తగ్గట్టు అక్కడ బతికేవాళ్ళూ మారతారు. కసరత్తు చేసేటప్పుడు కండరాల్లో పుట్టే లాక్టేట్ అనే పదార్థం కూడా పేగుల్లోకి చేరుతుంది. 2019లో బోస్టన్ మారథాన్ పరుగెత్తినవాళ్ళలో వెయిలోనెల్లా అనే బ్యాక్టీరియా పరుగు తర్వాత పెరిగిందని, అది లాక్టేట్‌ని తిని ప్రొపియోనేట్ చేస్తుందని కనుక్కున్నారు.

పిల్లల విషయానికొస్తే 2020లో స్పెయిన్ వాళ్ళ స్టడీ ఉంది. 39 మంది లావు పిల్లల్లో కొందరికి 12 వారాలు పరుగులాంటి కసరత్తు, కండరాల కసరత్తు రెండూ కలిపి చేయించారు. చేసిన పిల్లల్లో ప్రోటియోబ్యాక్టీరియా అనే వాపుకి సంబంధమున్న గుంపు తగ్గింది, బ్లౌషియా, రోజ్‌బ్యూరియా లాంటివి పెరిగాయి, మొత్తం మీద మామూలు బరువు పిల్లల తీరుకి దగ్గరగా వచ్చింది. రక్తంలో గ్లూకోజ్ తగ్గింది, చేతులు కాళ్ళ బలం పెరిగింది. చిన్న స్టడీయే, ఇలాంటివి ఇంకా జరగాలి. అయినా నేను ప్రతి పేరెంట్‌కీ చెప్తా, తూకం ముల్లు కదలకముందే లోపల పని మొదలవుతుంది.

రోజుకి ఎంతసేపు ఆడాలి?

5 నుంచి 17 ఏళ్ళ పిల్లలకి రోజుకి సగటున 60 నిమిషాలు, ఊపిరి వేగంగా ఆడేంత గట్టిగా. వారంలో మూడు రోజులు కండరాలకి, ఎముకలకి పని పడే ఆటలు. జిమ్ బరువులు అక్కర్లేదు, తొక్కుడుబిళ్ళ, కబడ్డీ, స్కిప్పింగ్, చెట్టెక్కడం, కోతిలా రాడ్డుకి వేలాడడం ఇవన్నీ లెక్కే. ఒకేసారి గంట కుదరకపోతే ఇరవై నిమిషాల చొప్పున మూడుసార్లు చేసినా సరిపోతుంది.

బస్సులోనే రెండు గంటలు పోతోంది, తర్వాత ట్యూషన్, ఆడడానికి టైం ఎక్కడ?

బెంగళూరులో ఉన్న ప్రతి ఇంట్లో ఇదే గోల, మీ బాధ నాకు తెలుసు. ఔటర్ రింగ్ రోడ్డు ట్రాఫిక్‌ని మనం మార్చలేం. నేను అడిగేది ఒకటే, బస్సు దిగాక ఇంట్లోకి రాకముందే అరగంట కింద ఆడనివ్వండి. ఒక్కసారి సోఫాలో కూర్చుని చేతిలో ఫోన్ పడిందంటే మళ్ళీ లేవరు. బ్యాగు మీరు తీసుకెళ్ళండి, ఒక అరటిపండు, నీళ్ళు చేతికివ్వండి. ఐదో అంతస్తు దాకా మెట్లు, రాత్రి భోజనం అయ్యాక అమ్మానాన్న కలిసి పావుగంట నడక, ఆదివారం కబ్బన్ పార్కో లాల్‌బాగో, ఇలా ముక్కలు ముక్కలుగా గంట అవుతుంది. ట్యూషన్లు నాలుగుంటే ఒకటి మానిపించమని కూడా నేను మొహమాటం లేకుండా చెప్తా.

ఆడి వచ్చాక ఆకలని రెట్టింపు తింటున్నాడు

ఆకలేయడం మంచిదే. ఇంటికి రాగానే ఏం కనపడుతుందనేదే అసలు విషయం. టేబుల్ మీద ఉడికించిన మొక్కజొన్న, శనగలు, మజ్జిగ ఉంటే అవే తింటాడు, వీధి చివర బేకరీలో పఫ్ ఇప్పిస్తే ఆడినదంతా అక్కడే పోతుంది. బాగా ఆడావు కాబట్టి ఐస్‌క్రీమ్ అని లంచం అలవాటు చేయకండి.

లావుగా ఉన్నాడని ఏడిపిస్తున్నారు, గ్రౌండ్‌కే వెళ్ళనంటున్నాడు

మా అన్నయ్య కొడుకుకి ఇదే జరిగింది. వాడి స్కూల్లో పీటీ సార్ అందరి ముందు బరువు తూచి పైకి చదివారు, ఆ తర్వాత నాలుగు నెలలు వాడు గ్రౌండ్‌కి వెళ్ళలేదు, కడుపునొప్పి అని అబద్ధం చెప్పేవాడు. ముందు పిల్లాడి మాట పూర్తిగా వినండి, తర్వాత స్కూలుకి వెళ్ళి మాట్లాడండి. ఎవరితోనూ పోటీ లేని ఆటతో మొదలెట్టండి, ఈత, సైకిల్, ఇంట్లో పాట పెట్టుకుని డాన్స్. మావాడు ఈతతో మొదలెట్టాడు, నీళ్ళలో ఒళ్ళు తేలిగ్గా అనిపించిందట. ఇంట్లో మీరు కూడా "బండోడా", "గుమ్మడికాయ" అని ముద్దుగా పిలిచినా ఇవాళే ఆపేయండి, పిల్లలకి అది గుచ్చుకుంటుంది. అవమానపడ్డ పిల్లలు దాచుకుని ఇంకా ఎక్కువ తింటారు.

## మందులు, టెస్టుల గురించి

ప్రోబయాటిక్ సాచెట్, సిరప్ ఇస్తే బరువు తగ్గుతుందా?

పిల్లల్లో బరువు తగ్గడానికి ప్రోబయాటిక్ రాయాల్సినంత బలమైన ఆధారం లేదు. ఏ రకం, ఎంత మోతాదు అనేదాన్ని బట్టి ఫలితం మారుతుంది, ఒకదానికి వచ్చింది ఇంకోదానికి రాదు. కొంచెం ఆశ కలిగించింది ప్రీబయాటిక్, అంటే బ్యాక్టీరియాకి మేత. కెనడాలోని కాల్గరీలో 7 నుంచి 12 ఏళ్ళ 42 మంది పిల్లలకి 16 వారాల పాటు చేసిన ట్రయల్, 2017లో వచ్చింది. రోజుకి 8 గ్రాముల ఇనులిన్ రకం పీచు ఇచ్చిన పిల్లల్లో ఒంటి కొవ్వు శాతం తగ్గింది, బిఫిడోబ్యాక్టీరియా పెరిగింది. అలాంటి పీచు ఉల్లిపాయ, వెల్లుల్లిలో సహజంగా ఉంటుంది. పొడి రూపంలో ఇవ్వాలంటే డాక్టర్‌ని అడగకుండా వద్దు.

వేలు పోసి మలం టెస్టు చేయించాం, రిపోర్ట్‌లో ఎరుపు రంగు వచ్చింది, భయమేస్తోంది

భయపడకండి. ఆరోగ్యకరమైన బ్యాక్టీరియా తీరు ఇలా ఉండాలి అని అందరూ ఒప్పుకున్న కొలత పిల్లలకి ఇప్పటికీ లేదు. అదే పిల్లాడి శాంపిల్ వారం తర్వాత ఇస్తే వేరే రిపోర్ట్ రావచ్చు. ఎరుపు వచ్చినా ఆకుపచ్చ వచ్చినా డాక్టర్లు చెప్పేది తిండి, ఆటల గురించే, ఆ డబ్బుతో మంచి సైకిల్ వస్తుంది. లావు పిల్లలకి నిజంగా కావాల్సిన టెస్టులు షుగర్, కొలెస్ట్రాల్, లివర్, బీపీ, ఏవి ఎప్పుడు చేయాలో డాక్టర్ చెప్తారు.

సన్నగా ఉన్నవాళ్ళ మలం బ్యాక్టీరియా ఎక్కిస్తే తగ్గుతారంట కదా?

న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్‌లో చేసి చూశారు, 2020లో ఫలితాలు వచ్చాయి. 14 నుంచి 18 ఏళ్ళ 87 మందిలో దాదాపు సగం మందికి క్యాప్సూల్స్‌లో పెట్టి ఇచ్చారు, మిగతావాళ్ళకి ఉత్తి క్యాప్సూల్స్ ఇచ్చి పోల్చారు. పొట్ట దగ్గర కొవ్వు పంపకంలో కొంత మార్పు కనపడింది, కానీ బీఎంఐ తగ్గలేదు. ఇది పరిశోధనలోనే ఉంది, పిల్లల బరువు కోసం చేస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోవద్దు.

దగ్గు, జ్వరానికి డాక్టర్ యాంటీబయాటిక్ రాశారు, బ్యాక్టీరియా పోతుందని మానేయనా?

బ్యాక్టీరియా జబ్బని డాక్టర్ తేల్చి రాస్తే పూర్తి కోర్సు వేయండి. మామూలు జలుబుకి మీరే మెడికల్ షాపులో అడిగి కొనడం మాత్రం ఆపండి, జలుబు వైరస్ వల్ల వస్తుంది, ఆ మాత్ర దానికి పని చేయదు.

## రెండు మూడు నెలలు గడిచాక

మూడు నెలలైంది, కిలో కూడా తగ్గలేదు, లాభం లేదా?

ఎత్తు కొలిచారా? ఎదిగే పిల్లల్లో బరువు నిలకడగా ఉండి ఎత్తు రెండు సెంటీమీటర్లు పెరిగితే అది గెలుపే, చాలామంది చిన్నపిల్లలకి మేం పెట్టుకునే లక్ష్యమే అది. మలబద్ధకం పోయిందా, మెట్లెక్కితే ఆయాసం తగ్గిందా, ప్యాంటు నడుం వదులైందా, పొద్దున్నే తేలిగ్గా లేస్తున్నాడా అని చూడండి. రోజూ తూకం ఎక్కించొద్దు, నెలకొకసారి చాలు. నిద్ర కూడా చూసుకోండి, 6 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి 9 నుంచి 12 గంటలు కావాలి, రాత్రి పదకొండింటి దాకా టీవీ ముందున్న పిల్లాడికి ఎంత పీచు పెట్టినా పూర్తి ఫలితం రాదు.

కొన్నాళ్ళు చేసి ఆపేస్తే ఏమవుతుంది?

వెనక్కి వెళ్ళిపోతుంది. అమెరికాలో ఇలినాయ్ యూనివర్సిటీ వాళ్ళు 2018లో 32 మంది పెద్దవాళ్ళతో ఆరు వారాలు కసరత్తు చేయించారు, సన్నగా ఉన్నవాళ్ళలో బ్యూటిరేట్ చేసే బ్యాక్టీరియా బాగా పెరిగింది, లావున్నవాళ్ళలో మార్పు తక్కువే. తర్వాత ఆరు వారాలు మాన్పిస్తే పెరిగినదంతా చాలావరకు పోయింది. అందుకని మూడు నెలల ప్యాకేజీలా కాకుండా ఇంటిల్లిపాదీ చేయగలిగినంతే మొదలెట్టండి. వేసవి సెలవులకి ఊరెళ్ళినప్పుడు అమ్మమ్మ ప్రేమగా జంతికలు, అరిసెలు పెడుతుంది, తిననివ్వండి, అక్కడ పొలం గట్ల మీద పొద్దస్తమానం తిరుగుతారు కదా. తిరిగొచ్చిన మర్నాటి నుంచి మళ్ళీ మామూలు కంచం, మామూలు ఆట.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు తీసుకెళ్ళాలి?

మెడ వెనక, చంకల్లో చర్మం నల్లగా మందంగా అయితే, మురికి అనుకుని రుద్దకండి, ఇన్సులిన్ సరిగ్గా పని చేయట్లేదనడానికి అది గుర్తు కావచ్చు. రాత్రి గట్టిగా గురకపెట్టి మధ్యలో ఊపిరి ఆగినట్టయినా, ఎక్కువ దాహం, ఎక్కువ మూత్రం ఉన్నా, మోకాలు, తుంటి నొప్పితో కుంటుతున్నా ఆలస్యం చేయొద్దు. బరువు పెరుగుతూ ఎత్తు మాత్రం ఆగిపోతే థైరాయిడ్ లాంటి హార్మోన్ల సమస్య ఉందేమో చూడాలి. భోజనం మానేయడం, తిన్నాక బాత్రూమ్‌లోకి వెళ్ళి వాంతి చేసుకోవడం, ఎవరితోనూ మాట్లాడకుండా గదిలో కూర్చోవడం ఇవి కనపడితే తిండి మార్పులన్నీ పక్కన పెట్టి ఆ వారంలోనే పిల్లల డాక్టర్‌ని కలవండి. వెళ్ళేటప్పుడు పాత ఎత్తు, బరువు రాసిన టీకాల కార్డు కూడా తీసుకెళ్ళండి.